బైరాన్‌పల్లి బురుజు

"బురుజు ముందు నిలబడను బిడ్డా, ఇంటి కాడ తియ్యి" అంది అవ్వ. సరే అని గడప దగ్గరే కూర్చోబెట్టాను. కొంగు సర్దుకుని కెమెరాలోకి సూటిగా చూసింది.

1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం సైన్యం ఈ ఊరి మీద పడ్డప్పుడు అవ్వ చిన్నపిల్ల. వాళ్ల నాన్న ఆ బురుజు మీదే కాపలా ఉన్నాడట, అంతకు మించి చెప్పలేదు, నేనూ అడగలేదు.

మరో మూడు వారాలకే, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయాడు. ఆ మూడు వారాల సంగతి తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోంది.

బురుజు ఫోటో రేపైనా తీయొచ్చు, ఆ రోజు కళ్లారా చూసినవాళ్లు మాత్రం ఇక కొద్దిమందే. మీ ఊళ్లల్లో అలాంటి పెద్దవాళ్లుంటే చెప్పండి, వాళ్లు ఒప్పుకుంటే వచ్చి తీస్తాను.