సగం వేలు, సగం పుస్తకం

మనవరాలి మూడో పుట్టినరోజుకి కొన్న బొమ్మ ఇవ్వకూడదని ముందే అనుకున్నాను. దానికి పొట్టైపోయిన గౌన్లు మా అమ్మాయి ఒక సంచిలో దాచిపెట్టింది. వాటితో గుడ్డ పుస్తకం కుడదామని నా ప్లాన్. ఒక పేజీలో జేబు, జేబులో కుందేలు. ఇంకో పేజీలో జిప్పు, మరోదాంట్లో జడ అల్లుకోవడానికి మూడు పాయల ఊలు. ఆఖర్న దాని పేరు. గుండీలు మాత్రం వద్దనుకున్నాను, పిల్లది ఇప్పటికీ ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటుంది.

కుందేలు కుడుతుండగా వేలికి సూది గుచ్చుకుంది. గుచ్చుకున్నట్టే నాకు తెలియలేదు. తెల్లటి చెవి మీద ఎర్ర చుక్క కనబడితే, ఇదెక్కడిదా అని చూసుకున్నాను. అప్పుడు భయమేసింది.

నిజానికి అంతకు నాలుగైదు నెలల ముందు నుంచే రాత్రుళ్లు కుడిచేయి తిమ్మిరెక్కి మెలకువ వచ్చేస్తోంది. లేచి కూర్చుని, థర్మామీటర్ విదిలించినట్టు చేయి విదిలిస్తే తగ్గేది. మొదట చూపించుకున్న చోట వయసు ప్రభావమని విటమిన్ మాత్రలు రాసిచ్చారు. నేనూ నమ్మేశాను. ఈ వయసులో ఏం చెప్పినా నమ్మేస్తాం కదా.

రెండో డాక్టరుగారు నన్ను కళ్లు మూసుకోమని, దూదితో ఒక్కో వేలూ తాకారు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు మొద్దుబారిపోయాయి. చిటికెనవేలు బాగానే ఉంది. విచిత్రమంతా ఉంగరపు వేలిది: మధ్యవేలి వైపు సగం మొద్దు, చిటికెనవేలి వైపు సగం మామూలు! ఒకే వేలికి రెండు వేర్వేరు నరాలట. మణికట్టు దగ్గర ఎముకల మధ్య ఇరుకు దారి ఒకటుంది, దాని మీద గట్టి పట్టీ. వేళ్లని ముడిచే తొమ్మిది తాళ్లలాంటివీ, మీడియన్ నరమూ అందులోంచే వెళ్లాలి. దారి ఇరుకైతే నలిగేది నరమే. కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అన్నారు. షుగర్ ఉన్నా, థైరాయిడ్ తక్కువైనా వస్తుందని ఆ పరీక్షలూ చేయించారు. నాకు రెండూ లేవు.

రాత్రిళ్లు మణికట్టు వంగకుండా ఆరు వారాలు స్ప్లింట్ కట్టుకున్నాను. నిద్ర కాస్త నయం, వేళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. బొటనవేలి మొదట్లో కండ పల్చబడుతోందని, ఇంకా ఆలస్యం చేస్తే అది తిరిగి రాకపోవచ్చని చెప్పారు. ఈలోపు పుట్టినరోజు వచ్చేసింది. చేతిలో ఉన్నవి మూడు పేజీలు. అవే ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి, "మిగతాది ఏదీ అమ్మమ్మా?" అంది.

చేతికి మాత్రమే మత్తిచ్చి పట్టీని కోశారు. చిన్న ఆపరేషనే అని అందరూ అంటారు. చేసేవాళ్లకి చిన్నదే. రాత్రి తిమ్మిరి వెంటనే పోయిన మాట నిజం, ఎన్నాళ్లకో తెల్లవార్లూ నిద్రపోయాను. పన్నెండో రోజున కుట్లు విప్పారు. కానీ అరచెయ్యి ఆన్చి మంచం మీంచి లేవబోతే ప్రాణం పోయేది. సీసా మూత తిప్పడానికే రెండు నెలలు పట్టింది.

మళ్లీ సూది పట్టింది ఆరో వారంలో. దారం ఎక్కించడం నా వల్ల కాలేదు. మావారు కళ్లజోడు సర్దుకుంటూ, సణుక్కుంటూ, రోజూ పొద్దున్నే పది సూదులకి దారం ఎక్కించి స్పాంజికి గుచ్చిపెట్టేవారు. కుట్లు చీమలబారులా ఎటో పోయేవి. విప్పలేదు. పెద్ద మనసుతో ఏం కాదు, కుట్టడం కన్నా విప్పడం కష్టం కాబట్టి!

మిగతా పేజీలు నాలుగు నెలలు ఆలస్యంగా దానికి చేరాయి. కుందేలు చెవి మీద మరక ఎన్నిసార్లు ఉతికినా లేత గోధుమరంగులో మిగిలే ఉంది. "దీనికి దెబ్బ తగిలిందా?" అని అడిగింది. అవునన్నాను. ఉఫ్ అని ఊది, జేబులో పెట్టేసింది.

పేరు పేజీ ఇంకా నా దగ్గరే ఉంది. మొదటి అక్షరం అయింది. రెండోదానికి కింద ఒత్తు ఉంది, అది కాస్త వంకరపోయినా పిల్ల పేరే మారిపోతుంది. బాగా ఎండ కాసే రోజు చూసి కూర్చోవాలి.