మీ పొగ, మా పొగ

మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర మా టీమ్‌లో పెద్దావిడ ఒకరు ఫోన్‌లో ఢిల్లీ ఫొటో చూపించారు. పొగలో ఇండియా గేట్ లీలగా కనిపిస్తోంది. "మేమిక్కడ పెరుగు డబ్బా మూత కూడా పీకి విడిగా వేస్తాం. మీవాళ్ళు అక్కడ ఇలా తగలబెడుతుంటే మా తాపత్రయం దేనికి?" అన్నారు. పక్కనున్నవాళ్ళెవరూ నోరెత్తలేదు. నాకు ముద్ద దిగలేదు.

రైల్లో ఇంటికి వస్తున్నంతసేపూ సమాధానాలు కూడబలుక్కుంటూనే ఉన్నాను. నేనుండేది జర్మనీలోని మైంజ్. ఇక్కడి యూనివర్సిటీ ఆవరణలోనే మాక్స్ ప్లాంక్ రసాయనశాస్త్ర సంస్థ ఉంది. గాలిలోని రసాయనాల్ని చదివిన శాస్త్రవేత్త పాల్ క్రుట్సెన్ 1980 నుంచి 2000 దాకా అక్కడ డైరెక్టర్. 2021 జనవరిలో ఈ ఊళ్ళోనే పోయారు. ఆయన ఊళ్ళో ఉంటూ ఆ మాట పడటం నాకు మింగుడు పడలేదు.

క్రుట్సెన్ అంటే నాకు అభిమానం. ఆయనా ఉద్యోగాల కోసం దేశాలు మారిన మనిషే. ఆమ్‌స్టర్‌డామ్‌లో వంతెనల పని చేసిన సివిల్ ఇంజనీరు, 1959లో స్టాక్‌హోమ్‌లో వాతావరణశాస్త్ర విభాగానికి ప్రోగ్రామర్ కావాలంటే, ప్రోగ్రామింగ్ రాకపోయినా అప్లై చేశారు. మన సివిల్, మెకానికల్ కుర్రాళ్ళు అమీర్‌పేటలో కోర్సు చేసి ఐటీలో చేరినట్టే. ఆ పనిలోంచే, చాలా ఎత్తున ఉండి ఎండలోని హానికర కిరణాల్ని ఆపే ఓజోన్ పొర లెక్కల్లోకి వెళ్ళారు. నైట్రోజన్ ఆక్సైడ్లు తాము తరిగిపోకుండానే ఓజోన్‌ని మళ్ళీమళ్ళీ విరగ్గొడతాయని 1970లో చూపించారు. నేలలో పుట్టే నైట్రస్ ఆక్సైడ్ కూడా అంత ఎత్తుకి పోయి ఆ పనిలో చేరుతుందన్నమాట. 1995లో మొలినా, రోలండ్ అనే మరో ఇద్దరు శాస్త్రవేత్తలతో కలిసి రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు.

అలాగని ఆయన మనల్ని వెనకేసుకొచ్చిన మనిషేం కాదు. 1999 తొలి నెలల్లో మాల్దీవుల దగ్గర హిందూ మహాసముద్రం మీది గాలిని పరిశీలించిన ఇండోఎక్స్ పరిశోధనని ఆయన, మన వాతావరణ శాస్త్రవేత్త వీరభద్రన్ రామనాథన్ కలిసి నడిపించారు. చలికాలంలో మన ఉపఖండం నుంచి సముద్రం మీదకి సుమారు 3 కిలోమీటర్ల మందాన పొగతెర పరుచుకుంటోందని అందులో తేలింది. కట్టెల పొయ్యిలు, పొలాల మంటలు, డీజిల్, బొగ్గు, అన్నిటి పొగా అందులో ఉంది. 2002లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం దాన్ని 'ఆసియా గోధుమరంగు మేఘం' అంటే మన దేశం అభ్యంతరం చెప్పింది. తర్వాత ఆసియా అన్న మాట తీసేశారు. ఆ అభ్యంతరం సబబేనని ఇప్పటికీ నా నమ్మకం. 1952లో లండన్‌లో వేలమంది ప్రాణాలు తీసిన పొగకి యూరప్ పొగ అని ఎవరూ పేరు పెట్టలేదు.

అదే 2002లో క్రుట్సెన్ నేచర్ అనే సైన్స్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. మనిషి చేతలే భూమి తీరుని మార్చేస్తున్న ఈ కాలాన్ని ఆంత్రోపోసీన్ అనాలని అంతకు రెండేళ్ళ ముందు నుంచే ఆయన అంటున్నారు. అది 18వ శతాబ్దం చివర, జేమ్స్ వాట్ ఆవిరియంత్రం రోజుల్లో మొదలైందని ఆ వ్యాసంలో చూపించారు. ఈ మార్పులకి ఇప్పటిదాకా చాలామటుకు కారణం ప్రపంచ జనాభాలో 25 శాతమేనని కూడా అందులోనే రాశారు. 2024లో భూగర్భశాస్త్రవేత్తలు ఆ యుగాన్ని అధికారికంగా ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే పోనీ, నాకు ఆ 25 శాతం మాట చాలు. ఇప్పటికీ మనిషికి లెక్కేస్తే మన దేశంలో ఏడాదికి సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్. జర్మనీలో దానికి మూడింతల పైమాటే. పిడకల పొయ్యి ముందు కళ్ళు నులుముకుంటూ వండిన మా నాయనమ్మని ఏ 25 శాతంలో కలుపుతారు?

పొగ సంగతి మాత్రం వేరు. మా ఊళ్ళో దాళ్వా కోతలయ్యాక, మిషన్ వదిలేసిన గడ్డికి నిప్పు పెడతారు. నల్లటి నుసి పడుతుందని అమ్మ దండెం మీద బట్టలు గబగబా లోపలికి తెచ్చేస్తుంది. రాత్రంతా నాన్న దగ్గు. ఇది ఆగి తీరాలి. జర్మనీవాళ్ళు అడిగారని కాదు, ముందు పీల్చేది మావాళ్ళే. తమ్ముడికి ఫోన్ చేసి ఈసారి తగలబెట్టొద్దన్నాను. "గడ్డి కట్టలు కట్టే మిషన్‌కి అద్దె ఎవరిస్తారు అన్నయ్యా? అగ్గిపుల్లయితే రూపాయి కూడా కాదు" అన్నాడు. ఈ ఏడాది మా పొలం వరకు అద్దె నేనిస్తానన్నాను. మిగతా ఊరి అద్దెలో కొంత ఆ 25 శాతంవాళ్ళు పెట్టుకోవాలి. పెద్దావిడతో ఈ మాటే అంటాను.