నాలుగు చుక్కల బిళ్ళ

పదకొండేళ్ళుగా నా ఆల్బమ్‌లో రెండే రెండు గళ్ళు ఖాళీ. మిగతావన్నీ నిండిపోయాయి కాబట్టి ఎప్పుడు తెరిచినా కళ్ళు ముందు ఆ రెండింటి మీదకే పోయేవి, ఊడిన పన్ను దగ్గరికి నాలుక పోయినట్టు.

నేను పోగేసేది గొప్ప సరుకేం కాదు. విక్టోరియా రూపాయిలూ, నిజాం అష్రఫీలూ నా జీతానికి అందేవి కావు. పావలా, అంతకన్నా చిన్న బిళ్ళలు, అంతే. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయా పైసలు వచ్చిన దగ్గర్నుంచి, 2011 జూన్ 30 నుంచి పావలాతో సహా ఆ చిన్న చిల్లర మొత్తం చెల్లకుండా పోయేదాకా, మామూలు వాడకానికి వచ్చిన ప్రతి రకం ఒక్కొక్కటి. చదరంగా ఉండే ఐదు పైసలు, ఆరు మూలల మూడు పైసలు, అంచంతా పూరేకుల్లా వంపులు తిరిగిన రెండు పైసలూ పది పైసలూ. అల్యూమినియం పైసా అయితే ఎంత తేలికంటే, చిన్నప్పుడు పళ్ళెంలో నీళ్ళు పోసి దాన్ని వేలి కొసతో మెల్లగా పరిస్తే తేలేది. ఎవరి పైసా ముందు మునిగితే వాడు ఓడినట్టు.

ఇరవై పైసల దగ్గర మాత్రం నా నియమం నేనే తప్పాను. ఇత్తడి రంగులో తామరపువ్వు బొమ్మతో ఉండే బిళ్ళ మీకు గుర్తుండే ఉంటుంది. అది 1968 నుంచి 1971 దాకా నాలుగేళ్ళ తేదీలతోనే వచ్చింది. గాంధీగారి శతజయంతికి ఆయన బొమ్మతో వేసింది వేరు, అందరికీ అన్నం అంటూ తామరకి తోడు సూర్యుణ్ణి కూడా పెట్టింది ఇంకో రకం. ఉత్త తామర బిళ్ళలు నాలుగే ఏళ్ళు కదా, ఏడాదికొకటి పెడదాం అనుకున్నాను. పైగా నేను పుట్టింది 1968లో.

నా మొట్టమొదటి తామర బిళ్ళ 1970ది. తెనాలిలో మా అత్తయ్య వాళ్ళింటికి వేసవి సెలవులకి వెళ్ళినప్పుడు బావ ఇచ్చాడు, పన్నెండు గోళీలకి. ఎక్కడిదని నేను అడగలేదు, బావ చెప్పలేదు.

ఇక ఖాళీల సంగతి. ఒకటి 1964 గుండ్రటి పైసా. రెండోది 1968 తామర.

మొదటిదాని కథ చిన్నదే. 1964 జూన్ 1న 'నయా' అన్న మాట తీసేశారు. ఏడేళ్ళయ్యాక ఇంకా కొత్త ఏంటని కాబోలు. మరుసటి ఏడు పైసా అల్యూమినియంలోకి, చదరం ఆకారంలోకి మారిపోయింది. అందుకని గుండ్రంగా ఉండి, హిందీలో నయా లేకుండా ఉత్త 'పైసా' అని ఉన్న బిళ్ళ ఆ ఒక్క ఏడాదిదే. అమ్మేవాళ్ళకి ఈ తేడా పట్టదు, అన్నీ ఒకే డబ్బాలో పోస్తారు. ఉన్న మాటని వెతకడం తేలిక. లేని మాటని వెతకాలంటే ప్రతి బిళ్ళా చేతిలోకి తీసుకుని చదవాల్సిందే. అలా ఎన్ని వందలు చదివానో తెలీదు. చివరికి హైదరాబాద్‌లో ఒక నాణేల ప్రదర్శనలో, నేను వెతకడం మానేసి టీ తాగుతుంటే, పక్క బల్ల మీద ఒక పెద్దాయన పరిచిన వరసలో బోర్లా పడుకుని కనిపించింది. ముప్ఫై రూపాయలు. బేరం కూడా ఆడలేదు.

1968 మాత్రం నన్ను తిప్పింది.

ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్‌లో పాత పుస్తకాల వాళ్ళ మధ్య ఒకరిద్దరు బిళ్ళలు పరుచుకుని కూర్చుంటే వాళ్ళ దగ్గర గొంతుక్కూర్చునేవాణ్ణి. సెలవు దొరికిన గురువారం జుమ్మెరాత్ బజార్. తుప్పు పట్టిన తాళాలూ, తెగిన గొలుసులూ, చెవులు ఊడిన ఇత్తడి గిన్నెల మధ్య చిల్లర కుప్ప కనిపిస్తే చాలు, మోకాళ్ళ నొప్పి గుర్తుండేది కాదు. 1970, 1970, 1971, 1970. ఇంట్లో డూప్లికేట్లు పాతిక దాకా పోగయ్యాయి కానీ 68 లేదు.

తర్వాత్తర్వాత అర్థమైంది. ఈ బిళ్ళ చిల్లరలో తిరగాల్సినంత తిరగలేదు. ఇందులో బంగారం కలిసిందని ఊళ్ళల్లో గట్టి నమ్మకం. నిజానికి అందులో ఎక్కువ పాలు రాగే. అయినా జనం దాన్ని అరగదీసి ఉంగరాలు చేయించుకున్నారు. తామర ఉంది కాబట్టి లక్ష్మీదేవి అని పూజ గూట్లో పెట్టుకున్నారు. చార్మినార్ దగ్గర ఒకాయన సంచీలో 108 బిళ్ళలు కట్టి పూజకని అమ్ముతుంటే, ఒక్కసారి విప్పి చూపించమన్నాను. "సెట్టు విప్ప సార్. కావాలంటె మొత్తం తీస్కోండ్రి, ఇంటికి పోయి సూస్కోండ్రి" అన్నాడు. ఆ రోజు జేబులో అంత డబ్బు లేదు. మళ్ళీ వారం వెళ్తే ఆ సంచీ లేదు.

ఒకసారి దొరికింది కూడా. జుమ్మెరాత్‌లోనే. చక్కగా 1968, రేకులు కూడా అరగలేదు. తిప్పి చూస్తే సింహాల నెత్తిన టంకం పెట్టి కొక్కెం అతికించి ఉంది. ఏ పసిపిల్ల మెడలోనో లాకెట్టుగా తిరిగిన బిళ్ళ. కొక్కెం పీకేస్తే సింహాలు పోతాయి, ఉంచితే గడిలో పట్టదు. అక్కడే పెట్టి వచ్చేశాను, ఇంటికొచ్చి రెండు రోజులు బాధపడ్డాను.

ఆన్‌లైన్‌లో ఒకతను ఫోటో పెడితే 250 పంపించాను. వచ్చింది. భూతద్దం కింద పెడితే అది 1969. తొమ్మిది కొక్కెం అరిగి అరిగి, దాని పక్కన గీత పడి, ఫోటోలో ఎనిమిదిలా కనిపించింది. "మీరే జూమ్ చేసి చూసుకోవాలి కదండీ" అన్నాడు. అదీ నిజమే, ఏమంటాం. ఆ దెబ్బతో నాకు ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఒక అనుమానపు జబ్బు పట్టుకుంది.

ఇంకో ఇబ్బంది. కమలం బిళ్ళ ఉంటే లక్షలిస్తామని ఫోన్లలో తిరిగే వీడియోలు. అవన్నీ మోసాలు. రిజర్వ్ బ్యాంకే తన పేరు వాడుకుంటున్నారని 2021 ఆగస్టులో జనాన్ని హెచ్చరించింది కూడా. కానీ మా వీధిలో ఇస్త్రీ బండి అతను నా మాట నమ్మితే కదా. "మా అమ్మ కాడ రెండున్నాయి సార్, ఎంతిస్తరు?" అన్నాడు. యాభై అన్నాను. అప్పట్నుంచి నన్నో దొంగని చూసినట్టు చూస్తాడు.

మొన్న శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి అత్తయ్య పిలిస్తే మా ఆవిడతో తెనాలి వెళ్ళాను. ఎనభై దాటినా అత్తయ్య పూజ అత్తయ్యే చేసుకుంటుంది. కలశం ముందు వెండి పళ్ళెం, పక్కన రాగి చెంబు. అష్టోత్తరం మొదలైంది. "ప్రకృత్యై నమః." చెంబులోంచి ఒక బిళ్ళ తీసి, కుంకుమలో అద్ది, పళ్ళెంలో వేసింది. టంగుమంది. "వికృత్యై నమః." టంగ్. నేను వెనక చాప మీద కూర్చున్నవాణ్ణి లేచి ముందుకి జరిగాను. తామర బిళ్ళలు.

ఈ వయసులో భక్తి పెరిగిందనుకుని మా ఆవిడ సంతోషించింది. నేను పడే ప్రతి బిళ్ళనీ చదవడానికి చూస్తున్నాను. విద్యాయై నమః, బొరుసు పడింది. ఆ తర్వాతది బొమ్మ. ఇంకోదాని మీద ఇంకోటి పడింది. యాభై నామాలు అయ్యేసరికి పళ్ళెంలో అంతా కుంకుమే. హారతి అయ్యాక అత్తయ్య కళ్ళజోడు పైకెత్తి, "ఏరా, అమ్మవారి మొహం చూడకుండా పళ్ళెంలోకి గుడ్లప్పగించావేంట్రా?" అంది.

చెప్పాను.

"శుక్రవారం పూట లక్ష్మిని ఇమ్మని అడుగుతున్నావా? బుద్ధుందా?"

శనివారం కూడా వీల్లేదంది, ఎందుకో చెప్పలేదు. ఆదివారం పొద్దున స్నానం చేసి రమ్మంది. హాల్లో తెల్ల తువాలు పరిచి చెంబు బోర్లించింది.

పీఠం మీద అన్నేళ్ళుగా ఉన్న బిళ్ళలు ఎలా ఉంటాయో చెప్పాలి. వ్రతానికి ముందు ఏటా చింతపండు పెట్టి తోముతుంది కాబట్టి మెరుపుకి లోటు లేదు, కానీ తామర రేకులు కలిసిపోయి ముద్దబంతిలా తయారయ్యాయి. ఏడాది అంకెలు చర్మంలో కలిసిపోయిన పచ్చబొట్టులా ఉన్నాయి. భూతద్దం పెట్టినా ఎనిమిదో తొమ్మిదో తెలియడం లేదు. నా జబ్బు తిరగబెట్టింది. పది నిమిషాలు అలా ఒకదాన్నే తిప్పి తిప్పి చూశాక, ఒక సంగతి కంటబడింది.

కుంకుమ. అంకెల్లో ఉండే గుంటల్లో శుక్రవారం అద్దిన కుంకుమ ఇరుక్కుని ఉంది. తొమ్మిది బొడ్డులో ఒక ఎర్ర చుక్క. ఆరులో ఒకటి. సున్నాలో ఒకటి. ఎనిమిదిలో అయితే ఒకదాని కింద ఒకటి, రెండు. ఇంక అంకెలు చదవక్కర్లేదు, చుక్కలు లెక్కపెడితే చాలు. 1971కి ఒకటే చుక్క. 1970కి రెండు. 1969కి మూడు. నాలుగు చుక్కలుంటే అది 68.

అత్తయ్య పక్కన కూర్చుని గవ్వలాటలా ఏరడం మొదలుపెట్టింది. ఎనభై దాటిన కళ్ళకి కూడా ఎర్ర చుక్కలు కనిపిస్తాయి. "ఇదిగో మూడు. ఇది రెండు. ఇదేంట్రా ఒకటే ఉంది?" గంటలో నాలుగు చుక్కల బిళ్ళలు మూడు తేలాయి. ఒక్కటి చాలు నాకు.

కుప్పలు మళ్ళీ కలిపేముందు అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. 107. పక్కన విడిగా ఒక పసుప్పచ్చ ఐదు రూపాయల బిళ్ళ.

"అది భువనేశ్వర్యై నమః కి," అంది అత్తయ్య. "ఆఖరి నామం. నూటెనిమిదోది ఎప్పుడో పోయింది. మీ బావ చిన్నప్పుడే. ఇల్లంతా ఊడ్చాను, బియ్యం డబ్బాలు కూడా వంచి చూశాను. ముందు పావలా వేసేదాన్ని, అది చెల్లకుండా పోయాక ఇది. చెల్లని దానితో పూజేంటని."

నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. పన్నెండు గోళీలు. రంగులు కూడా గుర్తున్నాయి.

బావ అక్కడే సోఫాలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆ పేజీ చాలాసేపు తిప్పలేదు.

అత్తయ్య షరతు ఒకటే. ముందు బదులు బిళ్ళ తెచ్చివ్వాలి, తర్వాతే ఇది తీసుకెళ్ళాలి. లెక్క తగ్గకూడదు. "ఒకటి కాదు అత్తా, రెండు తెస్తాను" అన్నాను.

హైదరాబాద్ వచ్చి డూప్లికేట్ల డబ్బా తీశాను. ఒకటి మంచిది, 1971ది, పక్కన పెట్టాను. రెండోది డబ్బాలోంచి తియ్యలేదు. ఆల్బమ్ తెరిచి, అట్ట హోల్డర్ పిన్నులు ఊడదీసి, ఆ 1970 బిళ్ళని బయటికి తీశాను. మొదట్లో తెలియక చవక ప్లాస్టిక్ కవర్లలో దాచి నా నయా పైసలన్నిటికీ ఆకుపచ్చ జిగురు పట్టించుకున్నాను. ఆ గండం కూడా తప్పించుకున్న బిళ్ళ ఇది. ఖాళీ అయిన గడిలో ఇంకో 1970 పెట్టాను. చూసేవాళ్ళకి తేడా తెలీదు.

రెండు వారాల తర్వాత ఒక్కణ్ణే వెళ్ళాను. అత్తయ్య రెండు బిళ్ళల్నీ అటూ ఇటూ తిప్పి, పసుపు నీళ్ళలో కడిగి, చెంబులో వేసింది. కలిసిపోయాయి. నాలుగు చుక్కల బిళ్ళని తమలపాకులో పెట్టి, రెండు అరటిపళ్ళతో చేతికిచ్చింది, ఉత్త చేత్తో ఇవ్వకూడదని. ఇలా తోమిన బిళ్ళకి పోగేసేవాళ్ళ దగ్గర విలువుండదు. నా స్నేహితుడికి ఫోటో పంపితే "పది రూపాయలు కూడా రాదు గురూ" అన్నాడు. కుంకుమ తుడవకుండానే హోల్డర్లో పెట్టాను.

గుమ్మం దాటుతుంటే అత్తయ్య వెనక్కి పిలిచింది. చేతిలో ఆ ఐదు రూపాయల బిళ్ళ.

"ఇంక దీంతో పనేముందిరా, తీసుకెళ్ళి ఆటోకివ్వు."

స్టేషన్ దగ్గర ఇస్తే ఆటో అబ్బాయి అంచున ఉన్న ఎరుపు చూసి, కళ్ళకద్దుకుని జేబులో వేసుకున్నాడు.