న్యాయ సహాయ నిధి కోసం సంతకాలు

న్యాయ సహాయానికి బడ్జెట్ కేటాయింపులు పెంచాలని ప్రభుత్వాన్ని కోరే వినతిపత్రంపై సంతకాలు సేకరించేందుకు, పేదల కేసులను ఉచితంగా వాదించేందుకు న్యాయ సేవాధికార సంస్థ నియమించిన ప్యానెల్ న్యాయవాదిగా ఉన్న నేను ఈ వారం నల్లగొండ కోర్టులో సీనియర్లను కలిశాను. ఒక పెద్దాయన కళ్లజోడు సవరించుకుని కాగితం మొత్తం చదివి, "మన ఆఫీసు గదుల (ఛాంబర్ల) కోసం మంత్రుల దాకా వెళ్లినం కదమ్మా, దీనికెందుకు పోలేదు?" అంటూ సంతకం చేసి, అక్కడికక్కడే తనకు తెలిసిన ఎమ్మెల్యేకు ఫోన్ కలిపారు. మన వృత్తికి ఉన్న పలుకుబడి ఇలాంటి పనికి వాడుకోవడం అరుదే.

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయానికి అర్హులు. ప్రభుత్వం తన దగ్గర డబ్బు లేదన్న కారణంతో పేద నిందితులకు ఈ సహాయాన్ని నిరాకరించరాదని ఖత్రీ కేసులో సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. అయినా దేవరకొండ వైపు తండా నుంచి మనోవర్తి కేసుకు వచ్చే మహిళకు బస్సు ప్రయాణం ఉచితమే అయినా, ఆ రోజు కూలి మాత్రం పోతుంది. ఆమె కాగితాల జిరాక్సు, టైపింగ్ ఖర్చు తరచూ న్యాయవాది జేబులోంచే వెళ్తుంది.

ఇలాంటి ఖర్చులకు ప్రత్యేక పద్దు ఉండాలన్నదే వినతిపత్రంలోని ప్రధానాంశం. మిర్యాలగూడ మిత్రుల సంతకాలు కూడా అందాక, జిల్లా శాసనసభ్యులందరికీ ప్రతులు ఇస్తాం.