టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్: కొనేముందు ఏం చూడాలి

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ‘150 పీఎస్ఐ’ (గాలి ఒత్తిడి కొలత) అని ఉంటే దానికి పడిపోకండి. మామూలు కారు టైరుకి కావాల్సింది 30–35. చూడాల్సింది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి తోస్తుంది, అదీ ఎంత ప్రెషర్ దగ్గర అని. చాలావాటి మీద వేసే అంకె ఎదురు ఒత్తిడి లేనప్పటిది. టైరు నిండేకొద్దీ అది తగ్గిపోతుంది.

ట్రైలర్ ఉంటే లెక్క మారుతుంది. ఆ టైర్లలో చాలావాటికి 50 నుంచి 80 పీఎస్ఐ కావాలి. చిన్న కంప్రెసర్ అంతదాకా ఎక్కించేలోపే వేడెక్కి ఆగిపోవచ్చు. అందుకే డ్యూటీ సైకిల్, అంటే మొత్తం సమయంలో ఎంతసేపు నడపొచ్చో అడగండి. 30 నిమిషాలకు 33 శాతం అంటే 10 నిమిషాలు నడిపి, 20 నిమిషాలు చల్లారనివ్వాలి. పైపు ట్రైలర్ వెనక చక్రం దాకా అందుతుందో లేదో కొలిచి మరీ కొనండి.

కారులోని సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజు 15 ఆంప్స్ అయితే, 12 వోల్టుల దగ్గర దక్కేది 180 వాట్లే. అంతకన్నా ఎక్కువ లాగే మెషీన్‌ని పెడితే ఫ్యూజు పోతుంది. పెద్దవాటికి క్లిప్పులతో నేరుగా బ్యాటరీ కనెక్షనే సరి. ఇంజన్ ఆన్‌లో ఉంచండి, కానీ మూసిన షెడ్డులో మాత్రం వద్దు.

మోటారు తిరుగుతున్నప్పుడు మీటరు ఎక్కువ చూపిస్తుంది. స్విచ్ ఆపగానే ముల్లు కాస్త వెనక్కి జారి నిలబడుతుంది. ఆ అంకెనే నమ్మండి. మర తిప్పి బిగించే నాజిల్ అయితే ఊడదీసేటప్పుడు బుస్సుమని కొంత గాలి పోతుంది, చకచకా తిప్పేయండి.