అంగడికి తక్కువగా వెళ్లిన చలికాలం

మాది ఆదిలాబాద్ పట్టణం శివారు. గూన పెంకుటిల్లు, వెనక రెండు వందల గజాల దాకా పెరడు, ఒక చేదబావి. తెలంగాణలో చలి మాట వస్తే ముందు మా జిల్లా పేరే చెబుతారు. డిసెంబర్, జనవరి నెలల్లో రాత్రిపూట పది డిగ్రీల లోపుకు దిగడం ఇక్కడ మామూలే. కొన్నేళ్లు ఐదారు డిగ్రీల చలి కూడా చూస్తాం. పోయిన చలికాలానికి ఇంట్లో అందరం కూర్చుని ఒక మాట అనుకున్నాం. దసరా నుంచి శివరాత్రి దాకా కూరగాయలు, పప్పు, తొక్కులు, చిరుతిళ్లు వీలైనంత వరకు ఇంట్లోవే ఉండాలి. నీళ్లకు గీజర్, గదికి హీటర్ పెట్టొద్దు. నూనె, ఉప్పు, చక్కెర, చాయ్‌పత్తి, సబ్బులు కొనుక్కోవచ్చు. ఇంట్లో నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ. ఖర్చు తగ్గించుకోవడం ఒక కారణమే. అత్తమ్మ చేతిలో ఉన్న పనులు నాకూ పిల్లలకూ రాకుండానే పోతాయేమోనన్న బెంగ నాకు అంతకంటే పెద్దది.

చలికాలానికి పని మొదలయ్యేది చలికాలంలో కాదు. పందిరి చిక్కుడు గింజలు ఆషాఢంలోనే పెట్టాం. వానలకు తీగ పందిరంతా అల్లుకుంది, ఆకు మీద ఆకు వేసింది, పూత మాత్రం ఒక్కటీ లేదు. పక్కింటి అక్క చూసి "ఇది గొడ్డు తీగ, పీకేసి బీర పెట్టు" అంది. అత్తమ్మ ఒప్పుకోలేదు. "దసరా దాటనియ్ బిడ్డా, అప్పుడు చూడు" అంది. నాటు చిక్కుడు గుణమే అంత. పగటిపొద్దు కురచబడితేనే అది పూతకు వస్తుంది, ఎంత ఎరువు వేసినా ఎంత నీరు పెట్టినా ముందు రాదు. సెప్టెంబర్ దాటాక పగలు పన్నెండు గంటల లోపుకు తగ్గుతుంది, డిసెంబర్ చివరికి మా దగ్గర దాదాపు 11 గంటలే ఉంటుంది. దీపావళికి ఊదారంగు గెలలు వేసిన తీగ, కార్తీకం వెళ్లేసరికి మాకు తినేంత, వాడకట్టుకు పంచేంత కాసింది.

చలి ముదిరాక చిక్కుడుకు వచ్చే బెడద పేనుబంక. లేత చిగుళ్లకు, పూగెలలకు నల్లగా పట్టేస్తుంది, వాటి వెంట చీమలు. దీనికి మందు కొనలేదు. నీళ్ల పొయ్యిలోని బూడిదను జల్లెడ పట్టి, పొద్దున్నే ఆకుల మీద మంచు ఆరకముందే చల్లేవాళ్లం. ఆకు తడిగా ఉంటేనే బూడిద అంటుకుంటుంది, ఎండెక్కాక చల్లితే గాలికి పోతుంది. మరీ ఎక్కువ పట్టిన గెలల్ని తుంచి పారేసి, మిగతావాటికి లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి కొట్టాం. పంట నిలబడింది.

ఆకుకూరలకు ఇక్కడి చలి వరమే. ఎండాకాలంలో కొత్తిమీర ఇట్టే పూతకు వెళ్లిపోతుంది, చలికాలంలో కుదురుగా పెరుగుతుంది. ధనియాలను చపాతీ కర్రతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లాలి. ఒక్కో ధనియంలో రెండు గింజలు ఉంటాయి కాబట్టి నలిపితే మొలకలు ఎక్కువ వస్తాయి, త్వరగా కూడా వస్తాయి. మెంతి నెల తిరక్కుండా కోతకొస్తుంది. పాలకూర కోసిన కొద్దీ మళ్లీ వస్తుంది. అన్నీ ఒకేసారి చల్లకుండా రెండేసి వారాలకు ఒక మడి చల్లుకుంటూ పోతే కూర తెగకుండా ఉంటుంది. ముల్లంగి, ఉల్లికాడలు, వెల్లుల్లి కూడా పెట్టాం. క్యాబేజీ, కాలీఫ్లవర్ జోలికి వెళ్లలేదు. చిన్న పెరట్లో అవి ఆక్రమించే చోటుకు, తినిపించే ఎరువుకు చేతికొచ్చేది చాలా తక్కువ. ఇష్టమైతే సంతలో ఒక పువ్వు కొనుక్కోవడమే మేలు.

నవంబర్‌లో చింతకాయ. గింజ ఇంకా గట్టిపడని దోరకాయ కావాలి. కడిగి, తడి పూర్తిగా ఆరనిచ్చి, కిలో కాయకు పావుకిలో దాకా ఉప్పు, కాస్త పసుపు వేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. మూడు రోజులు జాడీలో ఊరనిచ్చి, తీసి, ఈనెలు, గింజలు ఏరేసి, మళ్లీ మెత్తగా దంచి జాడీకెత్తాలి. కారం, పోపు అప్పుడే వేయకూడదు. ఎప్పటికి కావాలంటే అప్పటికి ఒక గరిటెడు తీసి పచ్చిమిర్చో ఎండుమిర్చో కలిపి నూరుకోవడమే. జొన్నరొట్టెలో ఈ తొక్కు, పక్కన పచ్చి ఉల్లికాడ ఉంటే మా పిల్లలు ఇంకో కూర అడగరు. ఉసిరికాయ తొక్కు కూడా ఇంచుమించు ఇదే పద్ధతి.

టమాటా మా పెరట్లో మాకు సరిపడా కాయలేదు. డిసెంబర్, జనవరి నెలల్లో టమాటా ధర పడిపోయి రైతు కోతకూలి కూడా రాక విలవిలలాడతాడు. ఆ రోజుల్లోనే తెలిసిన రైతు దగ్గర బుట్టలకు బుట్టలు, ఆయన అడిగిన ధరకే తీసుకున్నాం. ఇంటిపట్టున బతకడమంటే అన్నీ మనమే పండించుకోవాలని నేను అనుకోను. పక్కవాడికి నష్టం వస్తున్న వేళ కొని దాచుకోవడం కూడా అందులో భాగమే అని నా నమ్మకం. ఆ టమాటాలను చక్రాల్లా కోసి, ఉప్పు చల్లి, పాత ధోవతి మీద పరిచి ఒరుగులు పెట్టాం. చలికాలపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఎండ తీక్షణంగా లేకపోయినా ముక్క ఎండుతుంది. కానీ పొద్దు వాలకముందే లోపలికి తేవాలి. రాత్రి మంచు పడిందంటే పగలంతా ఎండింది మళ్లీ మెత్తబడి బూజు పడుతుంది. టమాటాలో 95 శాతం దాకా నీరే కాబట్టి పది కిలోలు కోస్తే అరకిలో, మహా అయితే కొంచెం పైన మిగులుతుంది. విరిస్తే పుటుక్కున విరగాలి, అప్పుడే సీసాలో వేయాలి. పప్పులో నాలుగు ఒరుగులు వేస్తే చాలు, పులుపు సరిపోతుంది.

అన్నింటికంటే ఒళ్లు వంచి చేసింది కందిపప్పు. మా అత్తమ్మ పుట్టింటి చేనులో పత్తి సాళ్ల మధ్య కంది వేస్తారు. సంక్రాంతి తర్వాత కొత్త కందులు ఒక బస్తా వచ్చాయి. కందిగింజకు పొట్టు బంక పెట్టినట్టు అతుక్కుని ఉంటుంది. ఉత్తగా విసిరితే పప్పు కంటే నూకే ఎక్కువ వస్తుంది. అందుకని కందులను రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్లు వంచేసి, జల్లించిన ఎర్రమట్టిని తడిపి గింజ గింజకూ పట్టించాం. కుప్ప పోసి, గోనెపట్టా కప్పి మర్నాటి దాకా ఉంచాం. తర్వాత నాలుగు రోజులు గట్టిగా ఎండ. ఎండిన గింజను పంటి కింద పెడితే టక్‌మని రెండు బద్దలవ్వాలి, అదే గుర్తు. చేటలో చెరిగి మట్టి పోగొట్టి విసుర్రాయికి పోశాం.

విసుర్రాయి తిప్పడం బలంతో అయ్యే పని కాదని అత్తమ్మ పక్కన కూర్చుంటే తెలిసింది. ఒక చేత్తో పిడి తిప్పుతూ, రెండో చేత్తో గుప్పెడు ఒకేసారి కాదు, కొంచెం కొంచెంగా పోయాలి. ఎక్కువ పోస్తే గింజ పగలకుండానే బయటికి జారిపోతుంది, తక్కువ పోస్తే రాయికి రాయి రాసుకుని పప్పు నూకైపోతుంది. చప్పుడు విని ఆమె పోసేది. గరగరమంటే ఇంకొంచెం పోయాలని, మొద్దుగా వినిపిస్తే ఆగాలని. మా పెద్దమ్మాయి ఎదురుగా కూర్చుని పిడి పట్టింది. ఇద్దరూ కలిసి తిప్పుతుంటే అత్తమ్మ గొంతులోంచి ఎన్నడూ వినని పాటలు వచ్చాయి. వాటిని ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకున్నాను. బద్దపప్పు డబ్బాల్లోకి, నూక పప్పుచారుకు, పొట్టు పక్కింటి అక్క వాళ్ల బర్రెకు. ఆ పొట్టుకు బదులు ఆమె పాలు పోసింది. ఇంట్లో పాడి లేకపోయినా పెరుగుకు లోటు రాలేదంటే అందుకే.

ఆ పెరుగు తోడుకోవడం చలికాలంలో ఒక టెన్షనే. వేలు పెడితే చురుక్కుమనేంత కాదు గానీ, మామూలు గోరువెచ్చన కంటే కాస్త ఎక్కువ వేడి ఉన్నప్పుడే, ఎండాకాలం వేసే తోడుకు రెట్టింపు వేయాలి. గిన్నెను బియ్యం డబ్బాలో కప్పెట్టేవాళ్లం. పొద్దుటికి గడ్డగా తోడుకునేది. ఇడ్లీ పిండికి అయితే సాయంత్రం రుబ్బితే మర్నాడు పొద్దుటికి పొంగదు, మధ్యాహ్నమే రుబ్బాలి.

ఇక ఒంటికి వెచ్చదనం. బీరువా అడుగున ఉన్న పాత నూలు చీరలన్నీ తీశాం. పాలిస్టర్ కలిసినవి పక్కన పెట్టేశాం, అవి జారిపోయి కుట్టు నిలవదు, వెచ్చదనం కూడా ఉండదు. మూడు చీరలను మధ్యకు మడిచి ఒకదాని మీద ఒకటి పరిస్తే ఆరు పొరలు, ఒక మనిషికి సరిపోయే బొంత. నేల మీద ముడత లేకుండా లాగి పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, ముందు పొడవాటి కుట్లతో కదలకుండా బిగించాలి. ఆ తర్వాత అంచు నుంచి లోపలికి వరస వెంట వరస సన్నకుట్టు. వెచ్చదనమంతా పొరల మధ్య నిలిచే గాలిదే. అందుకే కుట్టు మరీ బిగించకూడదని అత్తమ్మ పదే పదే చెప్పేది. పై పొరకు ఆమె తన పెళ్లినాటి నేత చీర ఇచ్చింది. నేను వద్దన్నాను. "పెట్టెల ఉంటే చెదలకు, బొంతల ఉంటే పిల్లలకు" అంది. మా చిన్నోడు ఆ బొంత ఇంకెవరికీ ఇవ్వడు.

స్నానాల నీళ్లకు పెరట్లో పొయ్యి, దాని మీద రాగి కాగు. కట్టెకు కరువు లేదు, ఆదిలాబాద్ చుట్టూ ఎటు చూసినా పత్తే కదా. పత్తి ఏరడం అయిపోయాక రైతులు కట్టెను చేనులోనే తగలబెడతారు. అడిగితే బండికెత్తుకుని పొమ్మంటారు. ఒక్క జాగ్రత్త: కట్టెకు మిగిలిపోయిన ఎండుకాయల్లో గులాబీరంగు పురుగు దాక్కుని వచ్చే పంటకు ఎగబాకుతుంది. కాబట్టి తెచ్చుకున్న కట్టెను వానాకాలం దాకా నిల్వ పెట్టకుండా, ముందే కాల్చి ముగించాలి. గిన్నెలు కడిగే నీళ్లకు అసలు మంటే అక్కర్లేదు. నల్లరంగు వేసిన డ్రమ్ములో పొద్దున నీళ్లు పోసి ఎండలో పెడితే మధ్యాహ్నానికి చేయి ఆనేంత వెచ్చగా ఉంటాయి.

ఇంటి లోపలికి ఎండను రానివ్వడం కూడా నేర్చుకున్నాం. చలికాలంలో సూర్యుడు మిట్టమధ్యాహ్నం కూడా నెత్తి మీదికి రాడు, దక్షిణం వైపు వంగి నడుస్తాడు. డిసెంబర్ చివర్లో మా ఊళ్లో పన్నెండింటికి దాదాపు 47 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అందుకని దక్షిణం కిటికీలు పది నుంచి మూడు దాకా బార్లా తెరిచి, నాలుగు కాకముందే మూసేసేవాళ్లం. పరుపులు, దిండ్లు ఆ ఎండలోనే. తలుపు కింద సందుకు పాత గుడ్డల చుట్ట. ఇంతకే గదిలో తేడా తెలిసింది. బొగ్గుల కుంపటి మాత్రం ఎప్పుడూ అరుగు మీదే, దాని చుట్టూ కూర్చుని చలి కాగేది. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుంటే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. ఎంత చలైనా సరే, దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

సంక్రాంతి సకినాలు వాడకట్టంతా కలిసి చేశాం. ఇవ్వాళ మా ఇంట్లో, రేపు అక్క వాళ్లింట్లో. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి బట్ట మీద చుట్టేది ఆడవాళ్లం, నూనె దగ్గర మా ఆయన. బిస్కెట్ల ప్యాకెట్ ఇంటికి రాలేదు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్లినప్పుడు కూడా మూటలో సకినాలు, జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కే కట్టుకుని పోయాం.

నా మటుకు నాకు ఇందులో బరువనిపించింది పని కాదు, వరస. ఏది ఎప్పుడు చేయాలో ఆ రోజుకు ఆ పని జరగాలి. చింతకాయ ముదిరితే తొక్కు లేదు, మబ్బు పడితే ఒరుగులు లేవు. ఉద్యోగానికి వెళ్లే మా ఆయన ఆదివారాలన్నీ వీటికే ఇచ్చాడు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇల్లయితే అన్నీ పెట్టుకోవద్దనే చెబుతాను. ఆకుకూర మడి ఒకటి, తొక్కు ఒకటి, బొంత ఒకటి చాలు.

శివరాత్రి నాటికి చిక్కుడు తీగ వాడింది. అన్నింటికంటే లావుగా, వంకర లేకుండా కాసిన కాయల్ని ముందే కోయకుండా తీగకే ఎండనిచ్చి, గింజలు ఒలిచి, బూడిదలో కలిపి సీసాలో పోశాం. అందులోంచి ఒక గుప్పెడు పక్కింటి అక్కకు ఇచ్చాను. ఆషాఢంలో ఆమె గోడ వైపు కూడా పందిరి వేద్దామని, రెండిళ్లకూ కలిపి వెదురు బొంగులు ఇప్పుడే చెప్పి పెట్టాం. చింతకాయ జాడీ ఇంకా సగం ఉంది. కందిపప్పు వానలు పడేదాకా వస్తుంది. యాసంగి జొన్న కోత మొదలైందని అత్తమ్మ తమ్ముడు నిన్ననే ఫోన్ చేశాడు. బస్తాలు ఉతికి ఎండేయాలి, వేపాకు కోసి నీడకు ఆరబెట్టాలి.