తుమ్మబంక ఫొటో, ఫ్రీ రైలు

లక్సెంబర్గ్‌లో రైలెక్కితే టికెట్ అడిగేవాడే లేడు. 2020 నుంచి దేశమంతా బస్సు, రైలు, ట్రామ్ ఉచితం. ఫస్ట్ క్లాస్‌కి మాత్రం డబ్బు కట్టాలి. ఆ ఆనందం క్లెర్వో అనే ఊళ్ళో దిగి కాఫీ తాగేదాకానే. రైల్లో మిగిలిందంతా ఆ ఒక్క కప్పుకే పోయింది. పైగా కోటలో మ్యూజియం మధ్యాహ్నం 12కి గానీ తెరవరట.

"గేటు చూడ్డానికా తెల్లారకుండా లేపావ్?" అని బావ సణుగుడు. 1944 డిసెంబరు యుద్ధంలో కాలిపోయి, మళ్ళీ కట్టిన కోట అది. బయట ఆనాటి అమెరికన్ ట్యాంకు కనిపించేసరికి చల్లబడ్డాడు.

లోపల ఉన్నది 'ది ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్'. ఈ దేశంలో పుట్టి, పసితనంలోనే అమెరికా చేరిన ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ స్టైకెన్ 1955లో న్యూయార్క్‌లో పెట్టిన ప్రదర్శన. 68 దేశాల ఫొటోలు, మొత్తం 503. బాగున్నాయి. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం పుస్తకాల కౌంటర్ దగ్గర. స్టైకెన్ పుస్తకం ధర చూసి కొనే ధైర్యం చాలక, అక్కడే పేజీలు తిప్పాను.

ఒక పేజీలో 1902 నాటి సెల్ఫ్ పోర్ట్రెయిట్. చేతిలో బ్రష్షు, రంగుల పలక; కెమెరా జాడే లేదు. బొమ్మ కూడా ఫొటోలా లేదు, బొగ్గుతో గీసినట్టుంది. ఇలాంటి ఫొటో కోసం తుమ్మబంకలో రంగు, వెలుగుకు స్పందించే బైక్రోమేట్ అనే రసాయనం కలిపి కాగితానికి పూసి, నెగటివ్ కింద ఎండకు పెడతారు. వెలుగు తగిలినచోట బంక గట్టిపడుతుంది, మిగతాది నీళ్ళలో కరిగిపోతుంది. తడి ఆరకముందే బ్రష్షుతో ఎక్కడ కావాలంటే అక్కడ తుడిచేయొచ్చు. ఫొటో కూడా కళేనని ఒప్పించడానికి ఆ రోజుల్లో పడిన పాట్లివి. మా ఊరి స్టూడియోలో నెగటివ్ మీద పెన్సిల్‌తో 'టచింగ్' చేసి మా అత్తయ్య మొటిమలు మాయం చేసిన ఆయన గుర్తొచ్చాడు. ఆయన్ని కళాకారుడని ఎవరూ అనలేదు పాపం.

ఇంకో పేజీలో 1929. అదే మనిషి, చుట్టూ ఫొటోగ్రఫీ సామాన్లు, అంచులన్నీ కత్తిలా పదును. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం నడిచింది. ఫ్రాన్స్‌లో అమెరికన్ సైన్యానికి విమానాల్లోంచి ఫొటోలు తీయించే పని ఇతనిదే. కందకం ఎక్కడుందో తేలాల్సిన ఫొటోలో మసక పనికిరాదుగా! తర్వాత తన పెయింటింగులన్నీ తగలబెట్టేశాడు. తెల్ల కప్పూ సాసరూ పెట్టుకుని వెయ్యిసార్లకు పైగా తీసి, తెలుపు నుంచి నలుపుదాకా ఛాయలన్నీ సాధన చేశాడు.

చరిత్ర 1929 వైపే నిలబడింది. నాకు మాత్రం ఆ బ్రష్షు కుర్రాడే నచ్చాడు. నటిస్తున్నాడని తెలిసిపోతూనే ఉంది, దాచుకోలేదు కూడా. రెండోదాంట్లోనూ వేషమే, కాకపోతే ఈసారి ఇంజనీరు వేషం.

కౌంటర్ అమ్మాయి నా చేతిలో పుస్తకం వైపు అదోలా చూడటం మొదలెట్టాక బయటపడ్డాం. వెళ్ళేవాళ్ళు సోమ, మంగళవారాలు పెట్టుకోకండి, సెలవు. పులిహోర కట్టుకెళ్ళండి.